అయస్కాంతానికి చిక్కనిది

సోమవారం పొద్దున్నే సులేమా
ఆదివారపు ఇంజిన్ మూత విప్పుతుంది.
లోపల ఇంకా నిన్నటి వాసన,
కాలిన ఆయిల్‌లో ఎక్కడో ఒక తీపి.
మాతే గొట్టం పంటికింద పెట్టుకుని
పన్నెండు స్ప్రింగుల్నీ వరసగా చూస్తుంది,
హాజరు పట్టీ తెరిచిన పంతులమ్మలా.

సాంతా ఫే మైదానంలో ఈ ఊరికి
గోధుమలూ పాలక్యాన్లూ పోగా
మిగిలింది ఈ చప్పుడొక్కటే.

పనిలో చేరిన రోజు నా అరచేతిలో
ఒక రిటైనర్ పెట్టింది.
ఏదో పెట్టినట్టే లేదు.
కోటు గుండీ అంత,
నడుమ కిందికి సన్నబడే రంధ్రం,
చలికాలపు తెల్లవారు రంగు.
"దీని పనేమిటి?"
"స్ప్రింగును పట్టుకోవడం."
"కాదు. వాల్వు ఇంటికి రావడం
మరిచిపోకుండా చూడడం.
నిమిషానికి నాలుగు వేలసార్లు."

తేలిక కాబట్టే ఆ వేగం.
ఉక్కు స్ప్రింగు దాని ఒడిలో కూర్చుని
రవ్వంత రవ్వంత తిరుగుతుంది.
ఎలుక కొరికినట్టు కాదు,
ఏరు ఒడ్డును తిన్నట్టూ కాదు,
నిద్రలో పళ్లు నూరే మనిషిలా,
తనకే తెలియకుండా.

ఆయిల్ ప్లగ్గుకు అయస్కాంతం ఉంటుంది.
ఉక్కు అరిగితే అక్కడ మీసంలా మొలుస్తుంది,
దొంగ దొరికిపోతాడు.
టైటానియం అలా కాదు,
కాపలావాడి ముందునుంచే
తల తిప్పకుండా నడిచిపోతుంది.
అందుకే ఆమె ఆయిల్‌ని
కాఫీ వడకట్టే కాగితంలో వంపి ఎండలో పెడుతుంది.
పెళ్లికెళ్లొచ్చిన పిల్ల కనురెప్పమీద
మర్నాటికి మిగిలినంత మెరుపు.

ఈసారి అంతకంటే ఎక్కువ.

ఏడో నంబరు.
లోపలి అంచుమీద బొటనవేలి గోరు ఆనించి తిప్పింది.
"ఇలా ఇవ్వు నీ గోరు."
నాకూ తట్టింది: ఒక మెట్టు,
వెంట్రుక మీద వెంట్రుక పెట్టినంత.
మైక్రోమీటరు చెప్పిన అంకెను
నోటుబుక్కులో రాసింది. పక్కన
నడిచిన గంటలు: పదకొండు.

మధ్యాహ్నం ఇరెనేవో వచ్చాడు, టోపీ నలుపుతూ.
ట్రాక్టరు టైర్ల కొట్టువాళ్లు
డబ్బు వచ్చే నెలకన్నారట.
"ఇంకొక్క ఆదివారం, సులేమా.
చూడు, పగులైనా లేదు."
"పగిలాక చూపించడానికి నేనెందుకు?
ఆ పని ఇంజినే చేస్తుంది."
సొరుగులోంచి ఒక పిస్టన్ తీసి బల్లమీద పెట్టింది.
దాని నెత్తిన సగం వాల్వు,
బురదలో గుర్రపు డెక్క దిగబడినట్టు.
ఎవరిదో చెప్పలేదు. ఏ ఏడాదో చెప్పలేదు.
ఇరెనేవో టోపీ పెట్టుకున్నాడు,
బేరం మాత్రం మానలేదు:
"అయితే ఏడోది ఒక్కటే మార్చు."
"పన్నెండూ ఒకే పంక్తిలో తిన్నాయి."

కొత్తవి బుధవారం కోర్దొబా బస్సులో వచ్చాయి.
డ్రైవరు పెట్టె ఊపి చూసి
"ఖాళీది పంపారు పాపం" అన్నాడు.

స్ప్రింగు నొక్కాలి, కాగితమంత ఉక్కు బిళ్ల వేయాలి,
గ్రీజు అంటించి రెండు లాకులు కూర్చాలి,
ఊపిరి బిగబట్టి వదలాలి.
నాలుగోదాని దగ్గర ఒక లాకు ఎగిరిపోయింది.
బెంచీ కింద అరగంట మోకాళ్లమీద.
అది ఉక్కుది గనక
అయస్కాంతంతో దొరికింది.
ఆ వారంలో సులేమా నవ్వింది అప్పుడొక్కసారే.

సాయంత్రం పాతదాన్ని గ్రైండరుకు ఆనించింది.
తెల్లటి నిప్పులు,
ఉక్కుకు ఎన్నడూ రాని తెలుపు.
పక్కింటి పిల్లలు గోడెక్కి
"ఇంకోటి! ఇంకోటి!"
పదకొండూ వాళ్లకే ఇచ్చేసింది.
ఏడోది జేబులో వేసుకుంది.

ఆదివారం ఇరెనేవోది తొమ్మిదో స్థానం.
టైరు మోసం చేసింది.
ఇంజిన్ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు,
రేడియోవాడు సైతం.

తిరుగుదారిలో ట్రక్కు కిటికీకి తల ఆనించి
నోరు తెరుచుకుని నిద్రపోయింది సులేమా.
గుప్పిట్లో ఏదో ఉంది.
బొటనవేలి గోరు మాత్రం
ఆ మెట్టుమీద
తిరుగుతూనే ఉంది.